నీటి నిరోధక పొర (చదును స్లాబు)

దుకాణాలు, గోదాములు, జీడిపప్పు ఫ్యాక్టరీల కాంక్రీటు స్లాబులోకి నీరు దిగకుండా పైన వేసే పూత లేదా షీటు. పలాస, టెక్కలి, ఉద్దానం తీరంలో దీని ఎంపికలో వానతో పాటు గాలి మాటా వినాలి. 2018 అక్టోబరు 11 వేకువన పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. అలాంటి గాలి పైకప్పును అంచుల్లో, మూలల్లో అన్నిటికంటే గట్టిగా పైకి లాగుతుంది. అందుకే స్లాబుకు పూర్తిగా అతుక్కునే పొర నయం.

మంటతో కరిగించి అతికించే ఏపీపీ తారు షీటు ఎండకు తొందరగా మెత్తబడదు. ఎస్‌బీఎస్ రకం తారు షీటు బాగా సాగుతుంది గానీ, దాని గొప్పతనం ఎక్కువగా చలిప్రాంతాల్లో కనిపిస్తుంది. పైపులు కిక్కిరిసిన స్లాబుకు అతుకుల్లేని పాలీయూరిథేన్ పూత సులువు. తెల్లని టీపీఓ, పీవీసీ ప్లాస్టిక్ షీట్లు వేడిని తిప్పికొడతాయి. వాటి అతుకులను వేడిగాలితో వెల్డింగు చేసే పనివాళ్లు దొరకాలి మరి. జీడిపిక్కల పెంకు నూనె పడే చోట తారు షీటు వద్దు, నూనెకు తారు మెత్తబడుతుంది.

పొర ఏదైనా పిట్టగోడ మీదికి కనీసం 150 మిల్లీమీటర్లు ఎక్కించాలి. నీరు నిలిచే స్లాబుకు ముందు వాలు సరిచేయాలి. పని ముగిశాక నీరు పోయే గొట్టాలు మూసి, 24 నుంచి 48 గంటలు నీరు నిలిపి చూస్తారు.