ఓరుగల్లు ఆహార చరిత్రలో కోడిగుడ్డు: సాహిత్య ఆధారాల పరిమితి

వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన ‘క్రీడాభిరామము’ కాకతీయుల నాటి ఓరుగల్లు జనజీవనాన్ని చిత్రించిన వీథి రూపకం. అందులో కోడిపందెం ఉంది. పూటకూటింటి భోజనం ఉంది. ఆ భోజనంలో కోడిగుడ్డు లేదు. దీనినిబట్టి నాటి ఓరుగల్లు ప్రజలు గుడ్డు తినలేదని నిర్ణయించడం సరికాదు. కవి వర్ణించినది ఒక బ్రాహ్మణుని ఇంట రూకకు లభించే శాకాహార భోజనాన్ని. అది నగరంలోని వంటిళ్లన్నింటికీ ప్రతినిధి కాజాలదు.

అయితే గుడ్డు అందరికీ నిత్యాహారమై ఉండేదని భావించడమూ కష్టమే. నాటుకోడి విడతకు కొద్ది గుడ్లే పెట్టి పొదుగుతుంది; తిన్న ప్రతి గుడ్డూ ఒక కోడిపిల్లను తగ్గిస్తుంది. నేటి కోడిగుడ్డు పులుసుకు కారాన్నిచ్చే మిరప సైతం పోర్చుగీసుల రాక తరువాత ఈ దేశానికి వచ్చినదే. కనుక ఆ వంటకాన్ని యథాతథంగా కాకతీయ యుగానికి ఆపాదించలేము.

గుడ్ల కోసమే పెంచే లేయర్ కోళ్ల పరిశ్రమ ఈ స్థితిని మార్చింది. బి.వి. రావు 1971లో స్థాపించిన వెంకటేశ్వర హేచరీస్, 1982లో ఏర్పడిన నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ ఈ పరిణామంలో ముఖ్యమైనవి. 2015 జనవరి 1న తెలంగాణలో ప్రారంభమైన ఆరోగ్యలక్ష్మి పథకంలో గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలలో పెట్టే భోజనంలో గుడ్డు ఒక భాగం. ఓరుగల్లు కావ్యానికెక్కని సామాన్యుల ఆహారం ఈ విధంగా ప్రభుత్వ పత్రాలకెక్కింది. ఆహార చరిత్రకారుడు కావ్యంలోని భోజనపు పట్టికతోపాటు, అది ఎవరి పంక్తిదో కూడా పరిశీలించవలసి ఉంటుంది.