ఛాతీలోని మిషన్ జవాబు చెప్పడం ఎలా నేర్చింది?

మదనపల్లె నుంచో పలమనేరు నుంచో తిరుపతికి పేస్‌మేకర్ చెకప్‌కు వచ్చిన పెద్దాయన మొదట అడిగే మాట ఒకటే: “బ్యాటరీ ఇంకెన్నేండ్లు వస్తాది సార్?” స్విమ్స్ లాంటి ఆసుపత్రిలో డాక్టరు కోత లేకుండానే జవాబు చెప్పగలరు. ఒకప్పుడు ఈ సంగతి తయారుచేసినవాళ్లకే తెలిసేది కాదు.

1958 అక్టోబరు 8న స్టాక్‌హోంలో ఇంజనీరు రూనే ఎల్మ్‌క్విస్ట్, సర్జన్ ఓకే సెన్నింగ్ కలిసి ఆర్నే లార్సన్ అనే రోగికి శరీరం లోపల ఇమిడే తొలి పేస్‌మేకర్ అమర్చారు. షూ పాలిష్ డబ్బాలో రెజిన్ పోసి చేసిన బిళ్ల అది. కొన్ని గంటలకే ఆగిపోయింది. లోపల ఏం చెడిందో బయటి నుంచి కనుక్కునే దారి లేదు, మరొకటి పెట్టారు. లార్సన్ ఆ తర్వాత 43 ఏళ్లు బతికారు, రెండు డజన్లకు పైగా పేస్‌మేకర్లు మార్చుకున్నారు.

ఆపైన వచ్చిన మెర్క్యురీ బ్యాటరీలు దాదాపు చివరిదాకా ఒకే వోల్టేజీ ఇచ్చి, ఉన్నట్టుండి చేతులెత్తేసేవి. 1972లో లిథియం-అయోడిన్ బ్యాటరీ వచ్చింది. అది ఎక్కువ ఏళ్లు నడుస్తుందని అందరూ మెచ్చుకుంటారు. నాకు అంతకంటే గొప్పగా తోచేది అది అరిగే తీరు. లోపలి నిరోధం మెల్లమెల్లగా పెరుగుతుంది కాబట్టి, ఆగిపోయేలోపే కొలిచి పట్టుకోవచ్చు.

ఆ కొలతను బయటికి తెచ్చింది మామూలు అయస్కాంతం. ఛాతీ మీద దాన్ని ఆనిస్తే లోపలి రీడ్ స్విచ్ మూసుకుంటుంది. పేస్‌మేకర్ గుండె లయను చూడకుండా ఒకే వేగంతో కొడుతుంది. మెడ్‌ట్రానిక్ పరికరాల్లో చాలావాటికి ఆ వేగం నిమిషానికి 85. మార్చాల్సిన వేళకు 65కి దిగుతుంది. చూడటానికి ఈసీజీ కాగితం చాలు.

తర్వాత పేస్‌మేకర్‌తో రేడియో సంకేతాల ద్వారా మాట్లాడే ప్రోగ్రామర్ యంత్రాలు వచ్చి, పేస్‌మేకర్ నుంచి గుండెకు వెళ్లే వైరు ఆరోగ్యాన్నీ చెప్పసాగాయి. వైరు తెగితే నిరోధం అమాంతం పెరుగుతుంది, పై తొడుగు చిట్లితే పడిపోతుంది. బడిలో చదివిన ఓం సూత్రమే ఇక్కడ ప్రాణం కాపాడుతోంది. అయితే ఒక్క అంకెతో తేలదు, పాత అంకెలతో పోల్చాలి. అందుకే చెకప్‌కు వచ్చేవాళ్లు పాత రిపోర్టులు, పేస్‌మేకర్ కార్డు తప్పక తెచ్చుకోవాలి.

ఇప్పుడు కొన్ని సెల్‌ఫోన్లలోనూ బలమైన అయస్కాంతాలు ఉంటున్నాయి. అవి ఛాతీకి ఆనితే అయస్కాంతానికి స్పందించే ఆ లోపలి స్విచ్చే కదలొచ్చు. మిషన్ ఉన్నవాళ్లు ఫోను చొక్కా జేబులో పెట్టుకోకండి, కనీసం 15 సెంటీమీటర్లు ఎడంగా ఉంచండి.