మోస్తార్ బాలలను అడిగిన ప్రశ్నలు

1993 నవంబరు 9న బోస్నియాలోని మోస్తార్ నగరంలో నెరెత్వా నదిపై ఉన్న పాత వంతెన ఫిరంగి గుండ్ల దెబ్బకు కూలిపోయింది. ఉస్మానియా పాలనలో 1566లో పూర్తయిన ఆ కట్టడం గురించి ప్రపంచ పత్రికలన్నీ విచారం వెలిబుచ్చాయి. 2004 నాటికి దానిని తిరిగి నిర్మించారు కూడా. అదే నగరంలో గుండ్ల మోత మధ్య పెరిగిన బాలల మనస్సులకు ఏమి జరిగిందన్న సంగతి మాత్రం అంత సులభంగా ఎవరి దృష్టికీ రాలేదు.

పసివాళ్ళు త్వరగా మరచిపోతారని పెద్దలు అనుకోవడం ఎక్కడైనా ఉన్నదే. వైద్యులు సైతం చాలాకాలం ఈ భ్రమకు అతీతులు కారు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం ఆఘాతానంతర ఒత్తిడిని ఒక ప్రత్యేక రుగ్మతగా గుర్తించినప్పుడు వారి కళ్ళ ముందు ప్రధానంగా ఉన్నది వియత్నాం నుంచి తిరిగివచ్చిన సైనికులే. బాలలలో దాని లక్షణాలు వేరుగా ఉంటాయన్న సంగతి 1987 సవరణలో గాని చోటు చేసుకోలేదు. ఆరేళ్ళు, అంతకు లోపు పిల్లలకు వేరే ప్రమాణాలు రావడానికి 2013 దాకా ఆగవలసి వచ్చింది.

ఈ మార్పుకు దారితీసిన వాటిలో కాలిఫోర్నియాలోని చౌచిల్లా ఉదంతం ఒకటి. 1976 జూలైలో 26 మంది పిల్లలున్న బడి బస్సును దుండగులు అపహరించి, పిల్లలను భూమిలో పూడ్చిన ఒక వాహనంలో బంధించారు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. లెనోర్ టెర్ అనే మనోవైద్యురాలు నాలుగేళ్ళు గడిచాక వారిలో 25 మందిని పరిశీలించగా, ఆ భయం ఆనవాళ్ళు లేని బిడ్డ ఒక్కరూ కనిపించలేదు. పీడకలలు, రేపటిపై నిరాశ, జరిగినదానినే ఆటగా మళ్ళీ మళ్ళీ ఆడడం ఆమె గమనించింది. మధ్యలో అందిన కొద్దిపాటి చికిత్స వాటిని నివారించలేకపోయింది.

బిడ్డ మనస్సులోని బాధ తల్లికి తెలియకుండా ఉంటుందా అని ఎవరైనా అడగవచ్చు. ఉంటుంది. అప్పటికే కుమిలిపోతున్న తల్లిని మరింత బాధపెట్టడం ఇష్టంలేక పిల్లలు నోరు మెదపరని లండన్‌కు చెందిన విలియం యూల్ వంటి పరిశోధకులు పదే పదే రాశారు. అందువల్లనే పిల్లలే స్వయంగా జవాబు చెప్పగల చిన్న ప్రశ్నావళులు తయారయ్యాయి. తలచుకోకపోయినా ఆ సంఘటన గుర్తుకు వస్తున్నదా, దానిని గుర్తుచేసే వాటికి దూరంగా తొలగిపోతున్నావా వంటి ప్రశ్నలకు గడచిన వారం రోజులను బట్టి జవాబివ్వాలి.

యూల్, ఆయన సహచరులు మోస్తార్ ప్రాంతంలో ఈ విధంగానే 9 నుంచి 14 ఏళ్ళ వయసుగల 2,976 మంది బాలలను ప్రశ్నించారు. 2002లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం ఆఘాత లక్షణాలు, ఆప్తుల మరణదుఃఖం చాలా ఎక్కువగా ఉన్నాయి. కుంగుబాటు, ఆందోళన మాత్రం మామూలు స్థాయిని మించలేదు. ఈ రెండవ సంగతిని విస్మరించరాదు. యుద్ధం చూసిన ప్రతి బిడ్డనూ రోగిగా చిత్రించడం వారికి చేసే మరో అన్యాయం. పైగా ప్రశ్నావళి అనుమానాన్ని మాత్రమే సూచిస్తుంది. రోగ నిర్ణయం బిడ్డతో తీరికగా మాట్లాడిన తర్వాతనే జరగాలి.

ఇక చికిత్స విషయం. యుద్ధానంతర బోస్నియాలో లక్షలాది పిల్లలకు సరిపడే మనోవైద్యులు ఎక్కడ? అందుచేత యూనిసెఫ్ సహాయంతో బడినే చికిత్సాలయంగా మలిచారు. తరగతిలో అందరికీ పాఠాలు; ఎక్కువ బాధపడుతున్న వారికి బడి సలహాదారుల ఆధ్వర్యాన చిన్న బృందాలలో 17 సమావేశాలు. భయాన్ని అదుపులో ఉంచుకోవడం నేర్పి, ఆ తర్వాతనే జరిగినదానిని మాటల్లో చెప్పించేవారు. మధ్య బోస్నియాలో 127 మంది విద్యార్థులపై, వారిలో అత్యధికులు ముస్లిములు, జరిగిన పరీక్ష ఫలితాలను క్రిస్టఫర్ లేన్ బృందం 2008లో ప్రకటించింది. భయం, కుంగుబాటు తరగతి పాఠాలు మాత్రమే విన్నవారిలో కూడా తగ్గాయి. కాని మనిషిని ముందుకు సాగనివ్వని మరణదుఃఖం బృందాలలో కూర్చున్నవారిలోనే తగ్గింది.

బోస్నియాలో ఈ దుఃఖానికి ప్రత్యేక కారణం ఒకటి ఉంది. 1995 జూలైలో స్రెబ్రెనిత్సాలో 8,000కు పైగా ముస్లిం పురుషులను, బాలురను వధించి సామూహిక గోతుల్లో పూడ్చారు. హంతకులు ఆ గోతులను తవ్వి, శవాలను వేరే చోట్లకు తరలించారు కూడా. జనాజా నమాజుకు దేహమే లేదు. గుర్తించిన మృతులలో మొదటి 600 మందిని పొతోచారి శ్మశానవాటికలో ఖననం చేసింది 2003 మార్చి 31న. తండ్రిని పోగొట్టుకున్ననాడు పదేళ్ళున్న బాలుడికి అప్పటికి పద్దెనిమిదేళ్ళు.