అహరోను ఏడ్వని రోజు

రేపల్లె వైపు పల్లెల్లో గుడికైనా చర్చికైనా చెప్పులు గుమ్మం బయటే. 1842లో మిషనరీ హయ్యర్ దొర గుంటూరులో అడుగుపెట్టాక తెనాలి, రేపల్లె ప్రాంతాల్లో లూథరన్ సంఘాలు వెలిశాయి, బాపట్లలో బాప్టిస్టులు స్థిరపడ్డారు. ఆరాధనకు మాత్రం మన పద్ధతులే మిగిలాయి. చర్చి మెట్ల కింద బురదంటిన చెప్పులు, లోపల చాపల మీద కొంగు తల మీదికి లాక్కున్న ఆడవాళ్లు. అలాంటి చాప మీద కూర్చునే నాదాబు, అబీహుల కథ మొదటిసారి విన్నాను. లేవీయకాండం పదో అధ్యాయం తీస్తే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

వాళ్లు దేవుణ్ణి ఎరగనివాళ్లు కారు. మోషేతో, తండ్రి అహరోనుతో, డెబ్బైమంది పెద్దలతో సీనాయి కొండెక్కి, దేవుడి పాదాల కింది నీలాల తళుకు కళ్లారా చూసినవాళ్లు. ఏడు రోజులు రాత్రింబవళ్లు ప్రత్యక్షపు గుడారం గుమ్మం దగ్గరే ఉండి యాజకులయ్యారు. ఎనిమిదో రోజు సన్నిధిలోంచి అగ్ని వచ్చి బలిపీఠం మీది దహనబలిని కాల్చేసింది. జనం కేకలేసి సాగిలపడ్డారు.

అప్పుడు ఆ అన్నదమ్ములు ధూపార్తులు అందుకున్నారు. నిప్పులు వేసి, పైన ధూపం చల్లారు. ఆ నిప్పు తెమ్మని దేవుడు చెప్పలేదు. ద్రాక్షారసం తాగి లోపలికి రాకూడదన్న ఆజ్ఞ ఆ వెంటనే వస్తుంది గనుక, వాళ్లు తాగి ఉంటారని కొందరు బోధకులంటారు. నాకా మాట అక్కర్లేదనిపిస్తుంది. అంత వైభవం చూసి ఉప్పొంగిపోయిన కొడుకులకు ఒక్క క్షణం ఆగి అడుగుదామని తోచలేదు.

ఆ సన్నిధిలోంచే అగ్ని మళ్లీ వచ్చి వాళ్లను కాల్చేసింది. ఒంటి మీది చొక్కాయిలు మాత్రం మిగిలాయి. తండ్రికి బాబాయి కొడుకులైన మిషాయేలు, ఎల్సాఫాను ఆ చొక్కాయిలతోనే పిల్లల్ని పాళెం బయటికి మోసుకుపోయారు.

మన పల్లెల్లో కొడుకు పోతే ఇల్లు గుండెలు బాదుకుంటుంది, ఊరంతా వచ్చి గొంతు కలుపుతుంది. అహరోనుకు అది కూడా లేకపోయింది. తల విరబోసుకోకూడదు, బట్టలు చింపుకోకూడదు. అభిషేక తైలం ఒంటి మీద ఉంది గనుక మిగిలిన ఇద్దరు కొడుకులతో గుమ్మం దాటకూడదు. మన గుళ్లలో మైల వచ్చిన అర్చకుడు గర్భగుడికి దూరంగా ఉంటాడు. ఇక్కడ పుత్రశోకంలో ఉన్న తండ్రి సన్నిధి విడిచి కదలకూడదు. ఏడ్పు జనానికి వదిలి, అహరోను మౌనంగా నిలబడ్డాడు. తల్లి ఎలీషెబ ఏం చేసిందో ఆ అధ్యాయంలో ఒక్క మాటా లేదు.

ఆ రోజే పాపపరిహారార్థ బలి మాంసం తినకుండా కాల్చేశారని మోషే కోప్పడితే, అప్పుడు అహరోను నోరు విప్పాడు. ఇంత జరిగిన రోజున నేను తింటే దేవుడికి ఇష్టమవుతుందా అని అడిగాడు. మోషే ఆ మాట ఒప్పుకున్నాడు.

చనిపోయిన ఇద్దరికీ సంతానం లేదు. చిన్నవాళ్లు ఎలియాజరు, ఈతామారు ఆ సేవ అందుకున్నారు. తండ్రి చూస్తుండగానే చేశారని సంఖ్యాకాండం చెబుతుంది. వాళ్లు ధూపార్తిలో నిప్పు వేసిన ప్రతిసారీ అహరోను కళ్లు ఆ చేతుల మీదే ఉండి ఉంటాయి.