మానేరు ఒడ్డు: ఇసుక నుంచి నీటి దాకా

గోదావరిలో కలిసే మానేరుకు సిరిసిల్ల దగ్గర ఒకప్పుడు నీళ్లకన్నా ఇసుకే ఎక్కువ. వానాకాలంలో వాగు నిండుగా పారేది. ఎండాకాలానికి రెండు ఒడ్ల నడుమ ఇసుక మేటలే మిగిలేవి. అప్పుడు ఆడవాళ్లు ఇసుకలో చెలిమె తోడేవారు. మొదట ఊరిన మడ్డి నీళ్లు ఎత్తిపోసి, తేట నీరు వచ్చాక చెంబుతో బిందెలోకి ముంచి, బట్టతో వడగట్టేవారు. వాగు ఎండినా ఊరు దాహంతో ఉండకపోవడానికి ఆ ఇసుకే కారణం. వాన నీటిని పీల్చుకుని దాచుకునేది అదే. పిల్లలు నడుముకు సొరకాయ బుర్రలు, బెండ్లు కట్టుకుని బావుల్లో ఈత నేర్చుకునేవారు.

ఈ వాగు మీద కట్టిన జలాశయాల్లో, గంభీరావుపేట మండలం నర్మాలలోని ఎగువ మానేరు నిజాం పాలన నాటిది. కరీంనగర్ వద్ద దిగువ మానేరు పని 1974లో మొదలై 1985 నాటికి ముగిసింది. దాని నిల్వ సుమారు 24 టీఎంసీలు. శ్రీరాంసాగర్ జలాశయం నీళ్లు జగిత్యాల ప్రాంతం మీదుగా కాకతీయ కాలువలో అక్కడికి చేరతాయి. ఆ ఒడ్డున జింకల పార్కు, పడవ షికారు వచ్చాయి.

అయితే సిరిసిల్ల ఒడ్డును మార్చింది మధ్య మానేరే. బోయినిపల్లి మండలం మాన్వాడ వద్ద కడుతుండగా 2016 సెప్టెంబరు వరదకు కట్ట తెగింది. పనులు ముగిశాక, 2019 ఆగస్టులో గాయత్రి పంప్‌హౌస్ ఎత్తిపోసిన గోదావరి నీళ్లు వరద కాలువ ద్వారా వచ్చాయి. ఇప్పుడది రాజరాజేశ్వర జలాశయం. కొదురుపాక, నీలోజిపల్లి, సంకెపల్లి, రుద్రవరం, చీర్లవంచ వంటి ఊళ్లు మునిగాయి. ఇళ్లూ పొలాలూ వదిలి వెళ్లిన ఆ కుటుంబాలను మరిచి ఈ సరస్సు అందాన్ని చెప్పడం న్యాయం కాదు. వరదవెల్లి దత్తాత్రేయ ఆలయం గుట్ట చుట్టూ నీళ్లు చేరడంతో అక్కడికి పడవలోనే వెళ్లాల్సి వస్తోంది.

ఇసుక కథ వేరే దారి పట్టింది. లారీలకెత్తిన కొద్దీ మేటలు తరిగాయి. 2017 జూలైలో లారీ ఢీకొని ఒకరు చనిపోవడంతో నేరెళ్ల వద్ద జనం ఇసుక లారీలను తగలబెట్టారు. తవ్విన గుంతలు, చెక్‌డ్యాంల వెనుక నిలిచిన నీళ్లు పైకి నిమ్మళంగానే కనిపిస్తాయి, లోతు మాత్రం తెలియదు. 2021 నవంబరులో సిరిసిల్ల మానేరులో ఈతకు దిగిన ఆరుగురు పిల్లలు చనిపోయారు. లోతు తెలిపే హెచ్చరిక బోర్డులు, కాపలా, ఈత నేర్పే ఏర్పాటు ఈ ఒడ్డుకు వెంటనే కావాలి.