సామాజిక రోబోలు: పిల్లల అవగాహన, నమ్మకం

మాట, చూపు, అంగవిన్యాసాల ద్వారా మనుషులతో మెలిగేలా రూపొందించిన యంత్రాన్ని సామాజిక రోబో అంటారు. కర్మాగారంలో వెల్డింగు చేసే రోబోకు భిన్నంగా దీనికి ముఖం, గొంతు, తరచు ఒక పేరు కూడా ఉంటాయి. పిల్లలు దీన్ని ప్రాణిగా చూస్తారా, వస్తువుగా చూస్తారా, దాని మాటను ఎంతవరకు నమ్ముతారు అనేవి వికాస మనోవిజ్ఞానానికీ రోబో శాస్త్రానికీ ఉమ్మడి పరిశోధనాంశాలు.

పూర్వరంగం

చిన్నపిల్లలు సూర్యుడు, మేఘం, సైకిలు వంటి వాటికి కూడా ప్రాణం, ఉద్దేశం ఉన్నాయని భావిస్తారని స్విట్జర్లాండు మనోవైజ్ఞానికుడు పియాజే 1920లలో ప్రతిపాదించాడు. సర్వాత్మవాదం అనే ఈ ధోరణిలో కదలికే ప్రాణానికి గుర్తు; వయసు పెరిగేకొద్దీ పిల్లలు ప్రాణాన్ని జంతువులకు, మొక్కలకు పరిమితం చేస్తారు. ఎలక్ట్రానిక్ ఆటవస్తువులు వచ్చాక ఈ కొలమానం చాలలేదు. కదలకుండానే ఆడి గెలిచే యంత్రాల విషయంలో పిల్లలు వాటికి తెలివి ఉందా, అవి మోసం చేయగలవా అని వాదించుకోవడాన్ని అమెరికా పరిశోధకురాలు షెరీ టర్కిల్ 1984లో వెలువడిన ‘ది సెకండ్ సెల్ఫ్’ గ్రంథంలో నమోదు చేసింది.

బొమ్మల నుంచి బడికి

1998లో ఫర్బీ అనే మాట్లాడే బొమ్మ, 1999లో సోనీ సంస్థ రోబో కుక్క ఐబో మార్కెట్లోకి రావడంతో పరిశోధన కొత్త దారి పట్టింది. మనోవైజ్ఞానికుడు పీటర్ కాన్ బృందం 80 మంది బడి ఈడుకు రాని పిల్లలకు ఐబోనూ ఒక గుడ్డ కుక్కబొమ్మనూ ఇచ్చి చూసి, 2006లో ఫలితాలు ప్రకటించింది. ప్రశ్నలకు పిల్లలు రెండింటి గురించీ దాదాపు ఒకే రకంగా బదులిచ్చినా, ప్రవర్తనలో మాత్రం తేడా చూపారు: గుడ్డబొమ్మను ఎక్కువగా మొరటుగా వాడారు, ఐబో దగ్గర కొంత బెదురుతూనే అది తమకు బదులిస్తుందన్నట్టు మెలిగారు.

జపాన్‌లో ఒక ప్రాథమిక పాఠశాలలో ఇంగ్లీషు మాట్లాడే రోబోవీ రోబోలను 18 రోజులు ఉంచి జరిపిన పరిశీలన 2004లో వెలువడింది. మొదట్లో గుమికూడిన పిల్లల ఆసక్తి రెండో వారానికి సన్నగిల్లినా, రోబోలతో మెలగడం కొనసాగించినవారి ఇంగ్లీషు మెరుగుపడింది. 2012లో కాన్ బృందం 9, 12, 15 ఏళ్ల వయసుగల 90 మందితో రోబోవీని ఆడించి, మధ్యలో దాన్ని, అది వద్దంటున్నా, అల్మరాలో పెట్టించింది. దానికి భావాలున్నాయని, అది స్నేహితుడు కాగలదని ఎక్కువమంది చెప్పారు. దానికి పౌరహక్కులుండాలన్న వారు మాత్రం తక్కువే. అంటే పిల్లలు రోబోను ప్రాణి, వస్తువు అనే రెండు వర్గాలలో దేనిలోనూ పూర్తిగా చేర్చలేదు.

నమ్మకం

ఎవరి మాట నమ్మాలో పిల్లలు ఎంచుకునే తీరును మనోవైజ్ఞానికులు ఎంపికతో కూడిన నమ్మకం అంటారు. గతంలో సరిగా చెప్పినవారినే మూడు, నాలుగేళ్ల పిల్లలు మళ్లీ అడుగుతారు. సింథియా బ్రెజీల్, పాల్ హారిస్ తదితరులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు, తమ మాటకు తగిన సమయంలో స్పందించే రోబోనే సమాచారం కోసం ఆశ్రయించారు.

ఈ విచక్షణకు హద్దులున్నాయని 2018లో ‘సైన్స్ రోబోటిక్స్’ పత్రికలో వచ్చిన ప్రయోగం చూపింది. గీతల పొడవు పోల్చే తేలికైన పరీక్షలో ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు ఒంటరిగా 87 శాతం సరిగా చెప్పగా, నావో అనే మనిషి ఆకారపు రోబోలు మూడు కావాలని తప్పు చెబుతున్నప్పుడు అది 75 శాతానికి పడిపోయింది; వారి తప్పు జవాబుల్లో 74 శాతం రోబోలు చెప్పినవే. పెద్దలు రోబోల ఒత్తిడికి లొంగలేదు.

విధానపరమైన పరిణామాలు

రోబో, మాట్లాడే బొమ్మ చెప్పే మాటలను నిర్ణయించేది తయారీ సంస్థ. పిల్లలు నమ్మి చెప్పిన రహస్యాలు చేరగలిగేదీ అక్కడికే. ఈ ఆందోళనతోనే జర్మనీ నియంత్రణ సంస్థ 2017లో కేలా అనే మాట్లాడే బొమ్మను రహస్య నిఘా పరికరంగా పరిగణించి నిషేధించింది. పిల్లల గోప్యతను కాపాడాలని, వారికి అర్థమయ్యేలా పారదర్శకత పాటించాలని కృత్రిమ మేధపై 2021 నాటి యునిసెఫ్ మార్గదర్శకాలు కోరాయి. ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు కూడా కొన్నిసార్లు తమ కళ్లకు కనిపించినదాన్ని కాదని రోబోల మాటకే తలొగ్గుతున్నందువల్ల, నమ్మదగిన యంత్రాన్ని అందించే బాధ్యత ప్రధానంగా పెద్దలదే.