ఫిద్వీ నుంచి విధేయుడి దాకా: కిరాయి కలం

నిజాం రాష్ట్రంలో తెలుగు వచనం గురించి రాసేటప్పుడు మన సాహిత్య చరిత్రకారులు సాధారణంగా రెండు పత్రికల దగ్గర మొదలుపెడతారు. ఒకటి, 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు నడిపిన ‘నీలగిరి’. రెండోది, 1926లో హైదరాబాదు నుంచి సురవరం ప్రతాపరెడ్డి తెచ్చిన ‘గోలకొండ’. అలా మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం వారు 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి 354 మంది కవుల్ని చూపించారు. ఆయన మా పాలమూరు బిడ్డ కాబట్టి ఆ లెక్క చెప్పుకోవడం మాకు మరింత ఇష్టం. కాని అదే కాలంలో, అవే జిల్లాల్లో, తాలూకా కచేరీల ముందు చెట్ల నీడన కూర్చుని, అడిగినవాడి కోసం డబ్బు తీసుకుని రోజూ వచనం రాసినవాళ్ళున్నారు. వాళ్ళను మాత్రం మనమెవరమూ లెక్కపెట్టలేదు. జనం వాళ్ళను అర్జీ నవీసులన్నారు. నవీసు అంటే ఫార్సీలో రాసేవాడని అర్థం. ‘నీలగిరి’ సంపాదకుడి ఇంటిపేరులో కూడా ఆ మాటే వుంది.

ఈ వృత్తి ఎందుకు పుట్టిందో తెలియాలంటే ఆనాటి కచేరీ భాషను చూడాలి. 1880ల్లో ఫార్సీ స్థానంలో ఉర్దూ రాజభాష అయింది. రైతు నోట తెలుగు, తహశీల్దారు చెవికి ఉర్దూ. 1951 నాటికి కూడా హైదరాబాదు రాష్ట్రంలో అక్షరాస్యత పది శాతానికి చేరలేదు. సొంత భాషలోనే సంతకం చేయలేనివాడు పరభాషలో పాలకుడికి మొరపెట్టుకోవాలి. తిప్పలు భాషతో తీరలేదు. కచేరీ కాగితం మీద తేదీ ఫసలీలో వుండాలి. ఆజుర్, దై, బహమన్ అంటూ నెలల పేర్లే వేరు. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే గాని ఇంగ్లీషు సంవత్సరం రాదు. పల్లెలో మనిషి గడువు చెప్పేది ఉగాదికనో, దసరాకనో. రూపాయీ ఒకటి కాదు. రాష్ట్రంలో హాలీ సిక్కా చెల్లేది, సరిహద్దు దాటితే కల్దారు. సుమారుగా ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు. కాబట్టి అర్జీ నవీసు రాయడమొక్కటే చేయలేదు. భాషను, తేదీని, డబ్బును ఒక లోకం నుంచి మరో లోకానికి మార్చి పెట్టాడు. మున్షీకి మనిషి కట్టిన కూలి ఆ మార్పిడికే.

కిరాయి కలం పేదవాడికే అవసరమైందనుకుంటే పొరపాటు. నల్లగొండ, మహబూబునగరు మెట్ట భూముల్లో ఆముదం పెద్ద పంట. ఆ గింజలు రాష్ట్రం దాటి పోయేవి. గింజలు కొని బయటికి పంపే షావుకారి సంగతి చూడండి. అతని దుకాణంలో గుమాస్తా చిట్టా, ఆవర్జా తెలుగులోనే రాస్తాడు. పల్లెలో బాకీదారుకు పంపే చీటీ తెలుగే. సరుకు సరిహద్దుకు చేరేసరికి సుంకాల శాఖ, అంటే కరోడ్‌గిరి, ఉర్దూ అడుగుతుంది. బొంబాయి కంపెనీకి ఉత్తరం రాయాలంటే ఇంగ్లీషు కావాలి. ఒకే బస్తా ఆముదాలకు మూడు భాషలు, మూడు కలాలు. సాహిత్య వచనం మీద మనం చేసిన చర్చలో పదోవంతు కూడా ఈ వ్యాపార వచనం మీద చేయలేదు. క్లుప్తత, స్పష్టత వచనానికి గుణాలని మనం తరగతి గదిలో పాఠం చెబుతాం. షావుకారి చీటీలో ఆ రెండూ వుండేవి. లేకపోతే డబ్బు రాదు మరి.

అర్జీ విషయం అలా కాదు. అర్జీలో క్లుప్తత పనికిరాదు. అర్జీదారు తనను తాను ‘నేను’ అనుకోడు, ‘ఫిద్వీ’ అనుకుంటాడు. అంటే దొరవారి కోసం ప్రాణమిచ్చే సేవకుడు. రైతు ఆ మాట పలికి వుండడు, విని కూడా వుండడు. అతను పలికింది ‘బాంచెన్ దొరా, కాల్మొక్త’. రెండూ ఒకటే. ఒంగిన నడుమును కాగితం మీదికి ఎక్కిస్తే ఫిద్వీ అవుతుంది. భూస్వామ్య వ్యవస్థ మనిషి చేత వెట్టి చేయించడంతో ఆగలేదు, అతని వ్యాకరణంలో ఉత్తమ పురుషను కూడా తీసేసింది. ఆ తీసివేతకు అర్జీ నవీసు పనిముట్టయ్యాడు. కూలి తీసుకుని, పేదవాడి గోడును దొరకు నచ్చే భాషలోకి దించాడు.

ఇది కఠినమైన తీర్పేనని నాకు తెలుసు. మెక్సికో నగరంలో శాంతో దొమింగో చౌకు దగ్గర అరుగుల కింద టైపు మిషన్లు పెట్టుకుని జనానికి ఉత్తరాలు రాసిపెట్టేవాళ్ళను గురించి చదివినప్పుడు నాకు మా కచేరీ చెట్లే గుర్తొచ్చాయి. ఎక్కడైనా వాడు రాజ్యం చేసిన ఖాళీలో కూర్చున్నవాడే. పైగా కాగితం లేకుండా పోరాటం లేదు. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ విసునూరు దేశముఖు మీద ఏళ్ళ తరబడి కోర్టుల్లో కొట్లాడాడు. దావాలో ప్రతి మెట్టుకూ ఒక కాగితం, ప్రతి కాగితానికీ ఒక రాతగాడు వుండి తీరాలి. కోర్టు బందగీ పక్షం చెప్పింది. దేశముఖు మనుషులు దారి కాచి చంపారు. రాత చేయగలిగినంతా చేసింది, ఆపైన దాని చేతిలో ఏమీ లేదు.

తెలుగులో మాట్లాడినందుకు 1921లో హైదరాబాదు సభలో ఆలంపల్లి వెంకటరామారావును గేలి చేశారు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జన సంఘం పుట్టింది. ఆ సంఘం వెట్టి మీద, వర్తకుల స్వాతంత్ర్యం మీద తెలుగులో చిన్న పుస్తకాలు అచ్చువేసింది. మన సాహిత్య చరిత్రల్లో వాటికి దక్కిన చోటు చాలా తక్కువ. నా దృష్టిలో అవి కావ్యాలకు తక్కువైనవి కావు. కిరాయి తీసుకోకుండా, ఫిద్వీ అనకుండా, రైతు గురించీ వర్తకుడి గురించీ అతని భాషలోనే ఏం రాయవచ్చో అవి చూపించాయి.

1948 తర్వాత కచేరీలో ఉర్దూ పోయింది, మున్షీల బతుకూ దానితోనే పోయింది. చెట్టు కింద చాప తీసి టైపు మిషను బల్ల పెట్టారు. భాష ఇంగ్లీషు. 1966లో తెలుగు అధికార భాషా చట్టం వచ్చింది. బల్ల మాత్రం కదల్లేదు. పాలమూరు మేస్త్రీల వెంట ఆనకట్టల పనులకు దేశం మీద పోయిన కూలీలకు మరో రకం రాతగాడు కావలసివచ్చాడు. మనియార్డరు ఫారం అడుగున నాలుగు పంక్తుల జాగా వుండేది. ఆర్నెల్ల బతుకును అందులో ఇమడ్చాలి. అంతకన్న కష్టమైన వచన రచన నాకు తెలియదు.

ఇంతవరకూ ఇతరుల మీద తీర్పు చెప్పాను. ఇక నా సంగతి.

కొన్నేళ్ళ కింద మా బడి వున్న ఊరి పక్క పట్నంలో ఒక ఎరువుల వ్యాపారి నన్ను పిలిపించాడు. పత్తి రైతులకు అరువిచ్చిన బాకీలు మొండికేశాయి. “వకీలు నోటీసు ఎవరికీ సమజైతలేదు సార్. మీరు తెలుగు ఎమ్మే. చక్కగ అర్థమయ్యేటట్టు ఒక ఉత్తరం రాసియ్యుండ్రి” అన్నాడు. ఉపాధ్యాయుడు బయటి పని చేయకూడదన్న నిబంధన గుర్తుంది. ఇంట్లో అవసరమూ వుంది. రెండు వేలు తీసుకుని రాశాను. తిట్టు లేదు, బెదిరింపు లేదు. ‘నమ్మకమే మన మధ్య పత్రం’ అన్న వాక్యం రాసి మురిసిపోయాను కూడా.

పది రోజులకు తొమ్మిదో తరగతి పిల్లవాడు ఆ ఉత్తరాన్నే పట్టుకుని తండ్రితో కలిసి నా దగ్గరికి వచ్చాడు. నా వాక్యాన్ని నేనే వాళ్ళకు చదివి వినిపించాను. వెనకటి నవీసులు ఒకే చెట్టు కింద వాదికీ ప్రతివాదికీ రాసిపెట్టేవాళ్ళని మా తాత చెప్పగా విని నవ్వినవాణ్ణి నేను.

జవాబు రాసిపెట్టమన్నాడు తండ్రి. కూర్చున్నాను. “కాళ్ళు మొక్కుత అని రాయుండ్రి సార్” అన్నాడు. అవసరం లేదన్నాను. వానలు లేక పంట ఎండిన సంగతి, కట్టగలిగిన మొత్తం, అడుగుతున్న గడువు, మూడూ సూటిగా, మనిషి మనిషికి రాసినట్టు రాసిచ్చాను. కింద ‘విధేయుడు’ అని కూడా పెట్టలేదు. కూలి తీసుకోలేదు. ఆ మొదటి ఉత్తరం రాసింది నేనేనని చెప్పనూ లేదు.

జవాబు రాలేదు. పిల్లవాడి ద్వారా తరవాత తెలిసింది. తండ్రి కచేరీ ముందున్న టైపు బల్ల దగ్గరికి పోయి వంద రూపాయలిచ్చి ఇంకో ఉత్తరం రాయించుకున్నాడు. అందులో కాళ్ళు మొక్కడం రెండుచోట్ల వుందట. వ్యాపారి రెండు నెలల గడువిచ్చాడు.